భూగర్భ ఉష్ణోగ్రత కొలతలు: అవక్షేప బేసిన్లలో ఉష్ణప్రవాహాన్ని అర్థం చేసుకునే విధానం

సారాంశం

భూమి లోపలి నుంచి ఉపరితలానికి వచ్చే ఉష్ణప్రవాహాన్ని నేరుగా కొలిచే పరికరం లేదు. లోతు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత ఎంత పెరుగుతోంది, ఆ లోతులో ఉన్న శిల వేడిని ఎంత సులువుగా ప్రసరింపజేస్తుంది అనే రెండు కొలతలను కలిపి దానిని లెక్కిస్తారు. ఇసుకరాయి, షేల్, బొగ్గు వంటి భిన్న పొరలున్న అవక్షేప బేసిన్లలో ఉష్ణోగ్రతను మాత్రమే చూసి ఉష్ణప్రవాహాన్ని నిర్ణయిస్తే ఫలితం రెట్టింపు వరకు తప్పవచ్చు. భూగర్భజల చలనం, ఉపరితల మార్పులు, కొలత సమయం కూడా ఈ లెక్కను ప్రభావితం చేస్తాయి. నేల ఉష్ణోగ్రతతో పరిచయమున్న వ్యవసాయ విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విషయాన్ని క్రమంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపోద్ఘాతం

వ్యవసాయ వాతావరణ కేంద్రంలో 5, 10, 20 సెంటీమీటర్ల లోతుల్లో అమర్చిన నేల థర్మామీటర్లను ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు చదవడం మన విద్యార్థులందరికీ తెలిసిన పనే. విత్తనం మొలకెత్తడం, వేరు పెరుగుదల, ఆచ్ఛాదన ప్రభావం వంటి అంశాలకు ఈ లోతులు సరిపోతాయి. అయితే బోరుబావులు వందల మీటర్ల లోతుకు చేరిన ఈ రోజుల్లో రైతుల నుంచి మరో రకం ప్రశ్నలు కూడా వస్తున్నాయి. "మా బోరులో వేడి నీళ్లు వస్తున్నాయి. కింద ఏముంది?" అన్నది వాటిలో ఒకటి.

సుమారు పదిహేనేళ్ల క్రితం గోదావరి లోయలోని ఒక గ్రామంలో నాకు ఈ ప్రశ్నే ఎదురైంది. 140 మీటర్ల బోరు నుంచి వచ్చే నీటి ఉష్ణోగ్రతను మధ్యాహ్నం పూట గొట్టం చివర కొలిచాను. 35 డిగ్రీల సెల్సియస్ వచ్చింది. ఆ ప్రాంతపు నేల వార్షిక సగటును 28 డిగ్రీలుగా తీసుకుని, తేడా అయిన 7 డిగ్రీలను లోతుతో భాగించాను. కిలోమీటరుకు 50 డిగ్రీల పెరుగుదల అని తేలింది. అక్కడ భూగర్భ ఉష్ణప్రవాహం చాలా ఎక్కువగా ఉందని నివేదికలో రాశాను. ఆ రైతు నా మాట నమ్మి, మరింత వేడి నీటి కోసం ఇంకా లోతుగా మరో బోరు వేయించేందుకు అప్పు చేయడానికి సిద్ధపడ్డాడు. నా లెక్కలో దొర్లిన తప్పులు ఏమిటో ఈ వ్యాసం చివరికి పాఠకులకే స్పష్టమవుతుంది.

నేల నుంచి శిల వరకు ఒకే సూత్రం

ఘన పదార్థంలో వేడి ప్రసరణకు గణిత రూపం ఇచ్చినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ ఫూరియే. 1822లో వెలువడిన ఆయన గ్రంథం చెప్పే మూలసూత్రం సరళమైనది. ఒక చదరపు మీటరు గుండా ప్రవహించే వేడి, ఉష్ణోగ్రతా ప్రవణతకు, ఆ పదార్థపు ఉష్ణవాహకతకు లబ్ధం. మన ప్రయోగక్షేత్రపు మట్టికీ, మూడు కిలోమీటర్ల లోతున ఉన్న ఇసుకరాయికీ వర్తించేది ఇదే సూత్రం.

1837లో జేమ్స్ ఫోర్బ్స్ ఎడిన్‌బరో నగరంలో మూడు చోట్ల పొడవైన థర్మామీటర్లను భూమిలో పాతించాడు. ఒకటి అగ్నిశిలలో, ఒకటి ఇసుకనేలలో, మరొకటి ఇసుకరాయిలో ఉండేవి. లోతులు 3, 6, 12, 24 ఫ్రెంచి అడుగులు. చివరిది దాదాపు 7.8 మీటర్లు. పైన వేసవిలో పుట్టిన వేడి అలగా కిందికి దిగుతూ క్షీణిస్తుందని, ఆలస్యంగా చేరుతుందని ఈ కొలతలు చూపాయి. అన్నిటికన్నా లోతున ఉన్న థర్మామీటరు దగ్గరికి వేసవి వేడి చేరేసరికి పైన శీతాకాలం నడుస్తూ ఉండేది. తర్వాత విలియం థామ్సన్, అంటే లార్డ్ కెల్విన్, ఈ కొలతల నుంచే శిలల ఉష్ణవాహకతను గణించాడు.

ఈ అల ఎంత లోతుకు వెళ్తుందన్నది ఉష్ణ విసరణశీలత మీద, అల కాలపరిమితి మీద ఆధారపడుతుంది. అల తీవ్రత ఉపరితలంలో ఉన్నదానిలో 37 శాతానికి తగ్గే లోతును అవమందన లోతు అంటాం. సాధారణ నేలలో విసరణశీలతను సెకనుకు 0.5 చదరపు మిల్లీమీటర్లుగా తీసుకుంటే, రోజువారీ అలకు ఈ లోతు దాదాపు 12 సెంటీమీటర్లు. వార్షిక అలకు ఇది 365 వర్గమూలం రెట్లు, అంటే 19 రెట్లు పెరిగి, 2.2 మీటర్లవుతుంది. గట్టి శిలలో విసరణశీలత రెట్టింపు ఉంటే 3.2 మీటర్లు. ఏ అలైనా ఒక శాతానికి తగ్గాలంటే అవమందన లోతుకు 4.6 రెట్లు దిగాలి. అందువల్ల నేలలో 10 మీటర్లు, శిలలో 15 మీటర్లు దాటిన తర్వాతే ఋతువుల జాడ దాదాపు పోతుంది. బావినీరు చలికాలంలో వెచ్చగా, వేసవిలో చల్లగా అనిపించడానికి కారణం ఇదే. మారేది బయటి గాలి. నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒక్కటే.

భూమి లోపలి వేడి ఎంత?

ఋతువుల ప్రభావం దాటిన తర్వాత కనిపించే నిలకడైన పెరుగుదల భూమి లోపలి వేడిది. ఉష్ణోగ్రతతోపాటు శిల ఉష్ణవాహకతను కూడా కొలిచి ఈ ప్రవాహాన్ని నమ్మదగిన రీతిలో నిర్ణయించిన పరిశోధనలు 1939లో వెలువడ్డాయి. దక్షిణాఫ్రికాలో ఎడ్వర్డ్ బుల్లార్డ్, బ్రిటన్‌లో బెన్‌ఫీల్డ్ ఈ పని చేశారు. ఖండాల మీద సగటు ఉష్ణప్రవాహం చదరపు మీటరుకు 65 మిల్లీవాట్ల ప్రాంతంలో ఉంటుంది. మన దేశంలో ఈ కొలతలకు ప్రధాన కేంద్రం హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. అతి ప్రాచీనమైన ధార్వార్ శిలా ప్రాంతంలో ఈ విలువ 25 నుంచి 50 మిల్లీవాట్ల మధ్య ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ చమురు బేసిన్ ఉత్తర భాగంలో 75 మిల్లీవాట్లకు పైగా నమోదైంది.

ఈ అంకెల పరిమాణాన్ని వ్యవసాయ భాషలో చెప్పుకోవడం మంచిది. చదరపు మీటరుకు 60 మిల్లీవాట్ల చొప్పున సంవత్సరమంతా వచ్చే వేడి మొత్తం 1.9 మెగాజౌళ్లు. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి దాదాపు 2.45 మెగాజౌళ్లు కావాలి. అంటే భూగర్భం ఏడాది పొడవునా ఇచ్చే వేడితో 0.8 మిల్లీమీటర్ల నీరు కూడా ఆవిరి కాదు. వేసవి పంట ఒక్క రోజులోనే 5 మిల్లీమీటర్లకు పైగా వాడుకోగలదు. కాబట్టి పంట పొలపు శక్తి లెక్కలో భూగర్భ ఉష్ణాన్ని వదిలివేయడం సబబే. అయితే ఇంత స్వల్పమైన ప్రవాహాన్ని కొలవదలచినప్పుడు ఉపరితలపు వేడి, నీటి చలనం కలిగించే చిన్న కలవరం కూడా పెద్ద దోషమవుతుంది.

అవక్షేప బేసిన్ల ప్రత్యేకత

కోట్ల సంవత్సరాలుగా ఇసుక, ఒండ్రు, బంకమన్ను, వృక్షావశేషాలు పేరుకుని శిలలుగా మారిన పల్లపు ప్రాంతమే అవక్షేప బేసిన్. ప్రాణహిత–గోదావరి లోయ మనకు దగ్గరి ఉదాహరణ. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఈ గోండ్వానా బేసిన్‌లో బరాకర్ శిలాశ్రేణిలోని బొగ్గు పొరలే సింగరేణి గనులకు ఆధారం. ఇరువైపులా ఉన్న ప్రాచీన స్ఫటిక శిలా ప్రాంతాలతో పోల్చితే ఈ లోయలో ఉష్ణప్రవాహం ఎక్కువ.

గ్రానైటు ప్రాంతంలో వంద మీటర్లకూ, ఐదు వందల మీటర్లకూ శిల ఉష్ణవాహకత పెద్దగా మారదు. బేసిన్‌లో అలా కాదు. ఉష్ణవాహకతను మీటరుకు, డిగ్రీకి వాట్లలో చెబితే నీటితో నిండిన ఇసుకరాయికి సాధారణంగా 2 నుంచి 4, షేల్‌కు 1 నుంచి 2, బొగ్గుకు 0.2 నుంచి 0.4 వరకు ఉంటుంది. ప్రవాహం ఒకటే అయినప్పుడు, వేడిని సులువుగా పోనివ్వని పొరలో ఉష్ణోగ్రత వేగంగా పెరుగుతుంది. చదరపు మీటరుకు 60 మిల్లీవాట్ల ప్రవాహం వద్ద 3.0 ఉష్ణవాహకత గల ఇసుకరాయిలో ప్రవణత కిలోమీటరుకు 20 డిగ్రీలు. 1.5 గల షేల్‌లో 40 డిగ్రీలు. 0.3 గల బొగ్గులో ఏకంగా 200 డిగ్రీలు. అంటే 10 మీటర్ల బొగ్గు పొర దాటేసరికి 2 డిగ్రీల తేడా వస్తుంది. ఈ పొరలు పైనున్న దుప్పటిలాగా కింది వేడిని నిలిపి ఉంచుతాయి. దుప్పటి కింద వెచ్చగా ఉన్నంత మాత్రాన శరీరం ఎక్కువ వేడిని పుట్టిస్తోందని అనుకోం కదా.

ఒక నమూనా లెక్క

విద్యార్థుల అభ్యాసం కోసం ఒక కిలోమీటరు లోతు గల ఊహాత్మక బోరును తీసుకుందాం. ఉపరితల సగటు 28 డిగ్రీలు. పొరలు, వాటిలో ఉష్ణోగ్రత పెరుగుదల ఇలా ఉన్నాయి.

పై ఇసుకరాయి: మందం 400 మీటర్లు, ఉష్ణవాహకత 3.0, పెరుగుదల 8 డిగ్రీలు.
మధ్య షేల్: మందం 200 మీటర్లు, ఉష్ణవాహకత 1.5, పెరుగుదల 8 డిగ్రీలు.
కింది ఇసుకరాయి: మందం 400 మీటర్లు, ఉష్ణవాహకత 3.0, పెరుగుదల 8 డిగ్రీలు.

అడుగున ఉష్ణోగ్రత 52 డిగ్రీలు. మొత్తం పెరుగుదల 24 డిగ్రీలు. బుల్లార్డ్ పద్ధతిలో ప్రతి పొర మందాన్ని దాని ఉష్ణవాహకతతో భాగిస్తే ఆ పొర ఉష్ణ నిరోధం వస్తుంది. ఇక్కడ ఒక్కొక్కటి 133 చొప్పున మూడు పొరలకు కలిపి 400. ఉష్ణోగ్రతా భేదం 24ను 400తో భాగిస్తే 0.06, అంటే చదరపు మీటరుకు 60 మిల్లీవాట్లు. లోతుకు బదులు ఉష్ణ నిరోధాన్ని తీసుకుని ఉష్ణోగ్రతతో గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలే ఉష్ణప్రవాహం. రేఖ వంగితే మన ఊహల్లో ఏదో లోపం ఉందని ఆ గ్రాఫే చెబుతుంది.

ఇప్పుడు తప్పు దారులు చూద్దాం. ఉష్ణవాహకతకు మందాల ప్రకారం సాధారణ సగటు తీసుకుంటే 2.7 వస్తుంది. దానితో గుణిస్తే ప్రవాహం 65 మిల్లీవాట్లు, అంటే 8 శాతం ఎక్కువ. వేడి ఒక పొర తర్వాత మరో పొర దాటుతున్నప్పుడు సరైన సగటు హరాత్మకమైనది. ఇక్కడ అది 2.5. ఇంతకన్నా పెద్ద పొరపాటు, ప్రవణతను షేల్‌లో మాత్రమే కొలిచి ఉష్ణవాహకతను ఇసుకరాయి నమూనా నుంచి తీసుకోవడం. అప్పుడు 40ని 3.0తో గుణించి 120 మిల్లీవాట్లు అంటాం. అసలు విలువకు ఇది రెట్టింపు.

కొలతలో పాటించవలసిన జాగ్రత్తలు

1. బోరు తవ్వేటప్పుడు వాడే నీరు, బురద ద్రవం, ఉలి రాపిడి చుట్టూ ఉన్న శిల ఉష్ణోగ్రతను మారుస్తాయి. అది తిరిగి సహజ స్థితికి రావడానికి తవ్వకానికి పట్టిన కాలానికి పది నుంచి ఇరవై రెట్ల వ్యవధి అవసరం. వాడకంలో ఉన్న బోరు ఈ పనికి పనికిరాదు. మోటారు లేని పరిశీలక బోరును ఎంచుకోవాలి.

2. కొలతకు థర్మిస్టర్ అమర్చిన కేబుల్ అనుకూలం. డిగ్రీలో నూరో వంతు తేడానైనా గుర్తించగలగాలి. కేబుల్‌ను పైనుంచి కిందికి దింపుతూ, ప్రతి లోతు వద్ద రీడింగు స్థిరపడేదాకా ఆగాలి. పైకి లాగుతూ కొలిస్తే అప్పటికే కలిసిపోయిన నీటి ఉష్ణోగ్రతే వస్తుంది. నీటి మట్టానికి పైన గాలిలో తీసిన రీడింగులను లెక్కలోకి తీసుకోరాదు.

3. ఉష్ణవాహకతను అదే బోరు నుంచి తీసిన కోర్ నమూనాల మీద, నీటితో నింపి కొలవాలి. దీని ప్రాముఖ్యం మన విద్యార్థులకు తెలియనిది కాదు. పొడి ఇసుక ఉష్ణవాహకత 0.3 మాత్రమే. అదే ఇసుక నీటితో సంతృప్తమైతే 2.2కు చేరుతుంది. గదిలో ఎండిపోయిన నమూనా నేల అడుగున ఉన్న శిలకు ప్రతినిధి కాదు.

4. చమురు బావుల్లో నెలల తరబడి ఆగే వీలుండదు. అక్కడ ద్రవ ప్రసరణ ఆపిన తర్వాత వేర్వేరు గంటల్లో అడుగు ఉష్ణోగ్రతను కొలిచి, హార్నర్ పద్ధతిలో సహజ విలువను అంచనా వేస్తారు. ప్రసరణ 6 గంటలు సాగిందనుకుందాం. ఆపిన 6, 12, 24 గంటలకు ఉష్ణోగ్రతలు వరుసగా 96.1, 101.9, 105.5 డిగ్రీలు. మొత్తం కాలాన్ని ఆగిన కాలంతో భాగిస్తే 2.0, 1.5, 1.25 వస్తాయి. వీటి సహజ సంవర్గమానాలతో గ్రాఫు గీసి రేఖను సున్నా వరకు పొడిగిస్తే 110 డిగ్రీలు వస్తుంది. చివరి రీడింగునే నిజమనుకుంటే 4.5 డిగ్రీలు తక్కువగా చెప్పినట్లవుతుంది.

నీటి చలనం, ఉపరితల మార్పులు

ఇంతవరకు శిల గుండా ప్రసరించే వేడిని గురించే చెప్పుకున్నాం. బేసిన్లలోని ఇసుకరాళ్లు మంచి జలాశ్రయాలు కూడా. నీరు కదిలితే వేడి దానితోపాటు తరలుతుంది. వర్షపు నీరు కిందికి ఇంకే చోట ప్రవణత పైభాగంలో తగ్గి, లోతుకు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. నీరు పైకి ఉబికే చోట పైభాగంలోనే ప్రవణత నిటారుగా ఉంటుంది. 100 మీటర్ల మందం గల, 2.5 ఉష్ణవాహకత గల పొరలో నీరు సంవత్సరానికి 10 సెంటీమీటర్ల చొప్పున కిందికి కదిలినా, నీరు మోసే వేడికీ శిల ప్రసరించే వేడికీ మధ్య నిష్పత్తి 0.5 దాటుతుంది. దీనిని విస్మరించడం సాధ్యం కాదు.

ఇదే లోపాన్ని ప్రయోజనంగా మార్చవచ్చు. ఉష్ణోగ్రత రేఖ వంపు నుంచి నీటి నిలువు చలన వేగాన్ని గణించే పద్ధతిని 1965లో బ్రెడహాఫ్ట్, పాపడోపులస్ ప్రతిపాదించారు. భూగర్భజల పునర్భరణను అంచనా వేయడానికి ఇది చవకైన సాధనం. భూభౌతిక శాస్త్రవేత్తలకు అడ్డంకి అయిన వంపే మనకు సమాచారం.

అయితే ఇక్కడ మరో చిక్కు ఉంది. ఉపరితలం వేడెక్కినా పైభాగంలో ప్రవణత తగ్గి, అదే ఆకారపు వంపు వస్తుంది. వందేళ్ల క్రితం మొదలైన వేడిమి ప్రభావం శిలలో వంద మీటర్లకు పైగా దిగి ఉంటుంది. అడవిని నరికి సాగుభూమిగా మార్చినా, మెట్టను మాగాణిగా మార్చినా నేల సగటు ఉష్ణోగ్రత మారుతుంది. అందువల్ల బోరు చుట్టూ గత దశాబ్దాల్లో భూమి వినియోగం ఎలా మారిందో నమోదు చేయకుండా వంపుకు కారణం చెప్పరాదు. ఈ చరిత్రను రైతుల నుంచి సేకరించగలిగేది విస్తరణ శాస్త్రవేత్తలే.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలో బోర్ల నుంచి వేడి నీరు తనంతట తానే ఉబికి వస్తుంది. పగిడేరు వద్ద ఆ వేడితో విద్యుత్తు తీసే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని సింగరేణి సంస్థ నెలకొల్పింది. ఇటువంటి చోట్ల లోతుకు దిగి వేడెక్కిన నీరు పగుళ్ల గుండా పైకి వస్తున్నప్పుడు, పైభాగంలో కొలిచిన నిటారు ప్రవణతను అదే వాలుతో కిందికి పొడిగించడం పెద్ద పొరపాటు. పైన వేగంగా పెరిగిన ఉష్ణోగ్రత, నీరు వచ్చే పొర దాటాక నెమ్మదించవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

ఇక నా తప్పుల సంగతి. మొదటిది, నడుస్తున్న బోరులో కొలిచాను. సెకనుకు అర లీటరు మాత్రమే ఇచ్చే బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు వృథా చేసే 3 కిలోవాట్ల శక్తి నీటిని దాదాపు 1.4 డిగ్రీలు వేడెక్కిస్తుంది. రెండవది, మధ్యాహ్నపు ఎండలో కాగిన ఇనుప గొట్టం చివర కొలిచాను. మూడవది, నీరంతా బోరు అడుగు నుంచే వస్తోందని అనుకున్నాను. నాలుగవది, ఏ శిల గుండా బోరు సాగిందో అడగలేదు. దాంట్లో షేల్ పొరలున్నాయని తర్వాత తెలిసింది. కొన్ని నెలల తర్వాత సమీపంలోని మోటారు లేని బోరులో థర్మిస్టర్ దింపి కొలిస్తే, నేను చెప్పిన ప్రవణతలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే వచ్చింది. ఆ ప్రవణతలో కూడా కొంత భాగం షేల్ పొరలదే. అప్పు పత్రాల మీద సంతకాలు కాకముందే ఆ రైతు ఇంటికి వెళ్లి, నా నివేదిక తప్పని చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "ముందే కొలిచి చెప్పవలసింది" అన్నాడు.

ఇటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు ఈ క్రమం పాటించడం మేలు. బోరు లోతు, కేసింగ్ లోతు, నీరు తగిలిన లోతులు, తవ్వేటప్పుడు వచ్చిన రాతి రకాలు, మోటారు సామర్థ్యం, నీటి పరిమాణం నమోదు చేయాలి. నీటి ఉష్ణోగ్రతను తెల్లవారుజామున, బోరు దగ్గరే, కనీసం రెండు ఋతువుల్లో కొలవాలి. సమీపంలోని వాడకంలో లేని బోరులో లోతువారీ కొలత తీసుకోవాలి. వేడి నీటిని పంటకు వాడదలచినవారికి ముందుగా నీటి రసాయన పరీక్ష చేయించమని చెప్పాలి. మరింత లోతుగా తవ్వమనే సలహాను ఒక్క రీడింగు ఆధారంగా ఎన్నడూ ఇవ్వరాదు.

ముగింపు

థర్మామీటరు చెప్పేది ఆ చోట, ఆ క్షణాన ఉన్న ఉష్ణోగ్రతను మాత్రమే. అది ఉష్ణప్రవాహంగా మారాలంటే శిల ఉష్ణవాహకత, నీటి చలనం, ఉపరితల చరిత్ర, కొలత సమయం అనే నాలుగు సాక్ష్యాలు తోడు కావాలి. పొరలు పొరలుగా ఏర్పడిన అవక్షేప బేసిన్లలో ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా నిర్ధారణ తలకిందులు కావచ్చు. నేల థర్మామీటరును ప్రతిరోజూ చదివే విద్యార్థికి ఇందులోని సూత్రం కొత్తది కాదు. దానిని లోతుకు అన్వయించేటప్పుడు వహించవలసిన ఓర్పు మాత్రమే కొత్తగా అలవరచుకోవాలి.